ఫోన్ల బుట్ట దగ్గర

ఇండియానాలో జనవరి. ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. కాలేజీ అమ్మాయిల అక్కచెల్లెళ్ళ సంఘం ఇంట్లో, మెట్ల కింద చిన్న గది. బల్ల మీద బట్టల బుట్ట నిండా నలభై ఆరు ఫోన్లు. బుట్ట దగ్గర దిగిపోతున్న ప్రెసిడెంట్ హాడ్లీ. తలుపు దగ్గర కొత్తగా ఎన్నికైన కొరిన్.

"కూర్చోవే. సంఘంలో చేరడానికొచ్చే పిల్లల మూడో విడతకి ఇంకా ఇరవై నిమిషాలుంది."

"నిలబడే వింటాను. చెప్పు."

"పొద్దుట్నించీ ఆ ఎత్తు చెప్పుల మీద ఉన్నావు. కాళ్ళు పీకట్లేదూ?"

"నా కాళ్ళ సంగతి నీకెందుకు హాడ్లీ? దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పాలని రూలు. ఆ నాలుగూ చెప్పేస్తే నా దారిన నే పోతాను."

"సరే. మొదటిది. మిసెస్ ప్రూయిట్‌తో వాదించకు. ఇంటిని కనిపెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉంటోంది ఆవిడ. నువ్వుండేది ఒక్క ఏడాది."

"తెలుసు."

"ఆవిడ కుక్కని పొగుడు. దానికి కళ్ళు కనపడవు, పళ్ళు లేవు, చెప్పుల్లో ఉచ్చ పోస్తుంది. అయినా పొగుడు."

"ఇది రెండోదా?"

"కాదు, మొదటిదాంట్లోదే. రెండోది సోమవారం భోజనాలు. నువ్వు చెంచా ఎత్తేదాకా ఎవరూ ఎత్తరు. మొదటి సోమవారం నేనేదో ఆలోచిస్తూ కూర్చున్నా. పాపం, నలభైమంది చల్లారిన సూపు తాగారు."

"తర్వాత సోమవారాలు నీ పక్కన ఒక్కళ్ళూ కూర్చోలేదుగా. దానికేమైనా సలహా ఉందా?"

"ఉంది. గోడవైపు తిరిగి కూర్చో. నీ మొహం చూడకుండా తిననిచ్చావని వాళ్ళకీ హాయి."

"నన్ను జాలిపడమంటావా?"

"సలహా అడిగావు, చెప్పాను."

"మూడోది చెప్పు."

"మూడోది... ఎవరొచ్చి ఏడ్చినా తలుపు మూసి విను. ఎవరి మీద ఏడ్చారో వాళ్ళకి చెప్పకు. జుట్టు ఆరబెట్టుకునే మిషను దగ్గర మొదలైన తగువు పరీక్షల దాకా వస్తుంది. పైకప్పు కారినా నీదే తప్పు. ఎదురింటి సంఘం వాళ్ళు మనకంటే బాగా పాడినా నీదే తప్పు. కాదని వాదించకు. అవునను. అవునంటే తొందరగా అయిపోతుంది."

"నీకు బాగా అలవాటైపోయింది."

"ఏడాదైంది కదే. అలవాటవదూ?"

"ఇంక ఈ బుట్ట సంగతి."

"ఏం ఉంది చెప్పడానికి? వచ్చే సోమవారం పదవి నీ చేతికొస్తుంది. బుట్ట తీసేస్తానని చెప్పి గెలిచావు. తీసెయ్."

"తీసెయ్యడం కాదు. పెరట్లో పెట్టి తగలబెడతాను."

"ప్లాస్టిక్‌ది. కంపు కొడుతుంది."

"నీకు వేళాకోళంగా ఉంది."

"లేదు. నేను కూడా నీకే ఓటేశాను కొరిన్."

"నీ ఓటు నాకొద్దు."

"రహస్య ఓటు కదా. వెనక్కి తీసుకోవడం కుదరదు."

"అసలు ఎవరు పెట్టారు ఈ బుట్ట? నలభైమంది పెద్ద ఆడపిల్లలు. కారు నడుపుతారు, ఓటు వేస్తారు. చేరడానికి పిల్లలొచ్చే రోజున మాత్రం ఫోన్లు లాక్కుని, చంటిపిల్లల బొమ్మల్లా బుట్టలో పడేస్తారు!"

"ఎందుకు పెట్టారో నీకు తెలుసు. ఇవాళ ఆఖరి రోజు. ఒక్కో పిల్ల ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి, 'నువ్వొస్తే ఇది నీ ఇల్లు' అని చెప్పాలి. మధ్యలో ఫోను మోగి తల దించామా, ఆ పిల్ల సాయంత్రం కాగితం మీద ఎదురింటి పేరు రాస్తుంది."

"రాసుకోనీ."

"ఇరవైమందైనా మన పేరు రాయకపోతే సంఘం కేంద్ర కార్యాలయం వాళ్ళు ఇంటికి తాళం వేస్తారు. నిరుడు హెచ్చరించారు, మొన్న మళ్ళీ రాశారు. ఆ ఉత్తరం నీకూ చూపించాను."

"చూశాను. మర్చిపోలేదు."

"రెండు విడతలూ ఎలా జరిగాయి?"

"బాగానే. పెద్ద గదిలో కొవ్వొత్తుల వేడికి ఒక పిల్ల కళ్ళు తిరిగి పడబోయింది. మిసెస్ ప్రూయిట్ నిమ్మరసం ఇచ్చింది. మూడో విడతే గట్టిది. మనవైపూ ఎదురింటివైపూ ఊగుతున్నవాళ్ళంతా అందులోనే ఉన్నారు. అందులో అందరి ముందూ మాట్లాడేది ఇంగ్రిడ్."

"నీ చెల్లి."

"నా చెల్లే. చేరిన రోజున నా చేతిలో పెట్టారు. నన్ను నీ చేతిలో పెట్టినట్టే. అక్కవి కదా హాడ్లీ నువ్వు నాకు. ఆ మాట మొదటి రోజు నువ్వే అన్నావు. 'ఏమొచ్చినా నా దగ్గరికి రా' అన్నావు."

"అన్నాను."

"ఈ గదిలోనే కూర్చున్నావు నిరుడు. ఈ కుర్చీలోనే. నా ఫోను ఈ బుట్టలోనే ఉంది. ఏడుసార్లు మోగింది. మా నాన్న ఫోర్ట్ వేన్ ఆసుపత్రి నుంచి ఏడుసార్లు చేశాడు. మా అమ్మ నన్ను అడుగుతోందని. నాన్న చేతిలోంచి ఫోను లాక్కుని తనే మాట్లాడబోయిందట."

"తెలుసు కొరిన్."

"నేను వీధి తలుపు దగ్గరున్నాను. పిల్లల్ని లోపలికి పిలిచే పాట ఎత్తుకునేది నేనే కదా. ఇక్కణ్ణించి ఎంత దూరం? పది అడుగులు. పది అడుగులు నడవలేకపోయావు."

"ఆఁ."

"'ఆఁ' అంటావేంటి? ఏడాదినుంచీ అదే మాట! ఎందుకు చెప్పలేదు అంటే ఆఁ. ఏమనుకున్నావు అంటే ఆఁ. తిట్టు నన్ను. కాదను. ఏదో ఒకటి అనవే!"

"ఏమనమంటావు? ఫోను మోగింది. నేను నీకు చెప్పలేదు. మర్నాడు పొద్దున మెట్ల మీద నిలబడి అందరి ముందూ ఒప్పుకున్నాను."

"ఒప్పుకుంటే మా అమ్మ వస్తుందా?"

"రాదు."

"ఆ సాయంత్రం నాకు ఆ పాట తప్ప ఇంకేం గుర్తులేదు. నలభైసార్లు పాడిన పాట. ఇప్పుడు వింటే వాంతొస్తుంది. ఇవాళ కూడా నేనే ఎత్తుకున్నాను, చూడు నా బతుకు."

"ఇంగ్రిడ్‌ని ఎత్తుకోమనొచ్చుగా."

"తను మాట్లాడాలి కదా... అదేంటి?"

"ఏది?"

"బుట్టలో. కొట్టుకుంటోంది చూడు."

"నలభై ఆరు ఫోన్లు. ఏదో ఒకటి కొట్టుకుంటూనే ఉంటుంది."

"హాడ్లీ, పైకి తియ్."

"కొరిన్..."

"తియ్యమన్నానా! ఆ పసుపు కవరుది. అది ఇంగ్రిడ్‌ది కాదూ?"

"ఇంగ్రిడ్‌దే."

"ఎవరు? ఇటు తిప్పు. 'నాన్న'. ఆగిపోయింది. ఎన్నోసారి ఇది?"

"నాలుగోసారి."

"నాలుగు! నువ్వు నాకు కుక్కని పొగడమని చెప్తున్నావు!"

"మొదటి మూడూ రెండో విడతలో వచ్చాయి. ఇప్పుడు నీకు చెప్దామనే..."

"చెప్దామనే! కుక్క తర్వాత, సూపు తర్వాత! ఇదిగో, కింద రాశాడు చూడు. 'నాయనమ్మకు బాగా లేదు. నిన్ను అడుగుతోంది. వెంటనే చెయ్యి.' నాయనమ్మే పెంచింది ఇంగ్రిడ్‌ని. నీకు తెలుసా ఆ సంగతి? తెలుసు. అందరికీ తెలుసు. ఇటివ్వు."

"ఆగు. ఫోను తన చేతికివ్వకు."

"ఒకసారి చేసింది చాల్లేదా నీకు?"

"నా మాట ఒక్కటి విను. నిన్ను బతిమాలుతున్నాను. నువ్వే మాట్లాడు ఆయనతో. మిసెస్ ప్రూయిట్ కారు తాళాలు అడుగు. ఇంగ్రిడ్‌ని వెనక తలుపులోంచి తీసుకెళ్ళి కారెక్కించు. వాళ్ళ ఊరు టెర్ హోట్ గంట దారి. నేను నడుపుతాను. దారిలో చెప్దాం. అంతేగానీ 'ఫోను చేస్తావా' అని తనని అడగకు."

"అడగకపోతే? సామానులాగా ఎక్కించాలా?"

"సామానులాగే ఎక్కించు."

"తన నాయనమ్మ. తన ఫోను. చెయ్యాలో వెళ్ళాలో తన ఇష్టం. మనమెవరం? ఏడాదంతా నేను మొత్తుకున్నది అదే కదా, మనమెవరం దాచడానికి అని!"

"దాచమనట్లేదు కొరిన్. అడగొద్దంటున్నాను. ఆ పిల్ల పందొమ్మిదేళ్ళది. పది రోజులనుంచీ గొంతు పోయేలా సాధన చేసింది. ఇప్పుడు దాని చేతిలో ఫోను పెట్టి 'నీ ఇష్టం' అంటే..."

"అంటే?"

"అనొద్దు. అంతే."

"నీ సలహాలు అయిపోయాయి హాడ్లీ. ఇంగ్రిడ్! ఇంగ్రిడ్, ఒకసారి ఇటు రా. తొందరగా!"

"ఏంటక్కా? అందరూ వరసలో నిలబడుతున్నారు. నా జుట్టు వెనక బాగుందా?"

"బాగుంది. లోపలికి రా. నీ ఫోను..."

"అయ్యో, ఇప్పుడు ఫోను ఎందుకు? రూలు కదా."

"రూలు పోతే పోయింది. మీ నాన్న చేశాడు. నాలుగుసార్లు. మీ నాయనమ్మకి బాగా లేదట. నిన్ను అడుగుతోందట. ఇదిగో."

"ఓ."

"పట్టుకో."

"నాన్న ఎప్పుడూ ఇంతేనక్కా. కంగారు మనిషి."

"ఇంగ్రిడ్, నాలుగుసార్లు చేశాడు."

"నవంబర్లో కూడా ఇలాగే చేశాడు. 'వెంటనే రా, వెంటనే రా' అని. పరీక్ష మానేసి పడుతూ లేస్తూ వెళ్ళాను. వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని అరటిపండు పుడ్డింగ్ తింటోంది. 'నువ్వెందుకొచ్చావే చదువు మానేసి' అని నన్నే తిట్టింది."

"అయినా సరే, ఒక్కసారి చెయ్యి. ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషం అవదక్కా. తన గొంతు వింటే ఏడుస్తాను. ఏడిస్తే కళ్ళ రంగంతా కారిపోతుంది. గొంతు పూడుకుపోతుంది. ఇప్పుడు నేను చెప్పేదంతా నాయనమ్మ గురించే. నాకు జడలెలా వేసేది, బడికెలా తీసుకెళ్ళేది అదే కదా మనం రాసుకున్నది. నువ్వే దిద్దావు."

"దిద్దాను."

"అది చెప్పాక చేస్తాను. ముప్పావు గంటేగా. తనకేం కాదు."

"నీ మాటలు నేను చదువుతాను. నువ్వు వెళ్ళు."

"నువ్వు చదివితే ఏం బాగుంటుంది? నీ నాయనమ్మ కాదుగా. మూడో విడతే గట్టిదన్నావు. వీళ్ళు రాకపోతే ఇల్లు పోతుందన్నావు."

"అన్నాను. కానీ ఇంగ్రిడ్..."

"వద్దక్కా. అలా చూడకు నన్ను. నేను చెడ్డదాన్ని కాదు."

"ఎవరన్నారు చెడ్డదానివని?"

"పాట మొదలవుతోంది. నువ్వు ఎత్తుకోవాలి కదా? రావట్లేదా? పోనీ బ్రియానా ఎత్తుకుంటుందిలే. ఫోను బుట్టలో పెట్టెయ్. నువ్వు చెప్పలేదనుకో. నేను వినలేదనుకో. సరేనా? ముప్పావు గంట!"

"ఇంగ్రిడ్! ఏయ్!"

"వెళ్ళిపోయింది."

"నేను... తనకి చెప్పాను. చూశావుగా. స్పష్టంగా చెప్పాను."

"చెప్పావు."

"'నిన్ను అడుగుతోంది' అని కూడా చెప్పాను."

"చెప్పావు. తలుపులు ఇంకా తియ్యలేదు. వెళ్ళి లాక్కురా."

"అందరి ముందా? మెట్ల దగ్గర పిల్లలంతా నిలబడి ఉంటే, చెయ్యి పట్టుకుని లాక్కురానా? అది అరిస్తే? ఏడిస్తే?"

"ఏడవనీ."

"తలుపు తీయగానే వాళ్ళు చూసేది అదా? ఈ ఇల్లు..."

"అదిగో."

"ఏంటి అదిగో?"

"ఇల్లు."

"నువ్వు మాట్లాడకు! నువ్వు ఇల్లు గురించి మాట్లాడకు!"

"తలుపులు తీశారు. పాట వినపడుతోంది."

"వినపడుతోంది. నాకు చెవులున్నాయి."

"కూర్చో కొరిన్."

"ముప్పావు గంటేగా. నవంబర్లో పుడ్డింగ్ తింటోందిట. నిజమే కదా, కొంతమంది నాన్నలు ఊరికే కంగారు పడతారు... మోగుతోంది. హాడ్లీ, మళ్ళీ మోగుతోంది."

"ఎత్తు."

"నేనా?"

"ఎవరో ఒకరు ఎత్తాలి. ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు. ఎత్తు."

"హలో... ఆఁ, లేదండి, ఇంగ్రిడ్ కాదు. నా పేరు కొరిన్. తన... తన అక్కనండి, ఇక్కడి ఇంట్లో... ఆఁ. చెప్పండి... ఎప్పుడు?... ఇప్పుడేనా?... అయ్యో... లేదండి. లేదు. తనకి తెలీదు. ఫోన్లన్నీ ఒకచోట పెడతామండి, ఇవాళ... తనకి ఎవరూ చెప్పలేదండి. మీరు చేసినట్టు తనకి తెలీదు... అవునండి. మాదే తప్పు. నాదే... పంపిస్తాను. ఇప్పుడే తీసుకొస్తాం... అలాగేనండి... చివర్లో అడిగిందా?... ఆఁ. చెప్తాను. చెప్తానండి."

"పోయిందా?"

"రెండు నిమిషాలైంది. కిటికీ తెర తియ్యమందిట. మంచు కురుస్తోందా అని అడిగిందిట. తర్వాత ఇంగ్రిడ్ వచ్చిందా అని అడిగిందిట. దార్లో ఉందని అబద్ధం చెప్పాడు ఆయన."

"మిసెస్ ప్రూయిట్ దగ్గర తాళాలు తెస్తాను."

"ఆగు. ఆయనకి ఎందుకలా చెప్పాను నేను?"

"ఎలా?"

"తనకి తెలీదని. ఎవరూ చెప్పలేదని. చెప్పాను కదా! ఇక్కడే, ఈ తలుపు దగ్గర. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది తను, తర్వాత చేస్తానని. మరి నా నోట్లోంచి అదెందుకు వచ్చింది?"

"ఇంకేం వస్తుంది? కూతురికి తీరిక లేదని చెప్తావా ఆయనకి?"

"రేపు? రేపు ఇంగ్రిడ్‌కి ఏం చెప్పను? 'నువ్వు వద్దన్నావు' అని గుర్తుచెయ్యనా? బతికినన్నాళ్ళూ మోస్తుంది అది."

"గుర్తుచెయ్యకు."

"మరి?"

"ఆయనకి చెప్పిందే తనకీ చెప్పు. ఫోను మోగింది, నేను విన్నాను, నీకు చెప్పలేదు. అందరి ముందూ చెప్పు. వాళ్ళూ తనతోపాటు నిన్ను తిడితే తనకి కాస్త తేలిగ్గా ఉంటుంది. ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. కారణాలు చెప్పకు. కారణాలు చెప్తే దొరికిపోతావు."

"నన్ను అసహ్యించుకుంటుంది."

"ఆఁ."

"నేను గెలిచిందే బుట్ట తీసేస్తానని. ఇంట్లో ఒక్కళ్ళు కూడా నా మొహం చూడరు."

"చూడరు. గోడవైపు కూర్చోమన్నాను కదా."

"కానీ తనకి గుర్తుంటుందే! అరగంట కూడా కాలేదు. నేను ఫోను చేతికిచ్చాను, తను వద్దంది. ఎవరు మర్చిపోతారు అలాంటిది?"

"ఇవాళ గుర్తుంటుంది. పాట, జనం, హడావిడి, తర్వాత ఆసుపత్రి, రెండు రోజులు నిద్ర లేకపోవడం. మూడో రోజుకి ఏది జరిగిందో ఏది అనుకుందో తనకే తెలీదు. అప్పటికి నీ మాట ఒక్కటే గట్టిగా మిగులుతుంది. తడబడకుండా చెప్పు. తనకీ నమ్మాలనే ఉంటుంది."

"నమ్మకపోతే?"

"నమ్ముతుంది."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావు? ఎవరైనా అంత పెద్ద అబద్ధం ఎలా నమ్ముతారు హాడ్లీ?"

"నువ్వు నమ్మావుగా."